ట్రాక్‌కు తీసుకెళ్లే హ్యాచ్‌బ్యాక్ వెనుక గాలి నిరోధం తగ్గించాలంటే: ఏ మార్గం ఎవరికి సరిపోతుంది?

తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లినా, చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా వెళ్లినా, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మనకు రెండు మూడు గంటల దారి. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్‌కు సొంత స్విఫ్ట్‌నో, పోలోనో, ఐ20 ఎన్ లైన్‌నో తీసుకువెళ్లి ఒక రోజంతా నడిపి వచ్చినవారికి టైర్లు, బ్రేకుల తరువాత మనసులో మెదిలే ప్రశ్న కారు వెనుక భాగం గురించే. పైకప్పు చివర వెనక్కి పొడుచుకువచ్చే పలక, అంటే స్పాయిలర్, పొడిగించాలా, బంపర్ కింద పలక బిగించాలా, డిఫ్యూజర్ (అడుగు గాలిని పైకి మళ్లించి బయటికి పంపే వాలు పలక) పెట్టాలా, లేక నేరుగా రెక్క (డిక్కీ పైన ఎత్తుగా నిలిపే అడ్డ పలక) కొనాలా అనే సందిగ్ధంలో ఉన్నవారి కోసం ఈ పోలిక.

ముందుగా తూచవలసిన విషయాలు

కారు ముందు భాగం గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి నిరోధమంతా అక్కడే పుడుతుందని చాలామంది భావిస్తారు. హ్యాచ్‌బ్యాక్ విషయంలో అసలు నష్టం వెనుక జరుగుతుంది. పైకప్పు మీదుగా, పక్కల నుంచి, అడుగు నుంచి వచ్చిన గాలి నిటారుగా తెగిపోయిన డిక్కీ దగ్గర కారును విడిచిపెట్టి పోతుంది. ఆ వెనుక మిగిలిన చోట పీడనం తగ్గి, కారును వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ ప్రాంతంలో గాలి సుడి తిరుగుతుందని చెప్పడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. చిత్తూరు వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో ఒక గంట నడిపి దిగి చూస్తే, బానెట్ మీద కంటే వెనుక అద్దం మీద దుమ్ము దట్టంగా పేరుకుని ఉంటుంది. చక్రాలు లేపిన దుమ్మును ఆ సుడి వెనక్కి తిప్పి అద్దానికి కొడుతుంది. సెడాన్లకు చాలా వరకు లేని వెనుక వైపర్ హ్యాచ్‌బ్యాక్‌లకు ఉండటానికి ముఖ్య కారణం అదే.

మొదటి కొలమానం, మనం నిజంగా పోయే వేగంలో ఎంత లాభం వస్తుందన్నది. నిరోధక బలం వేగం వర్గానికి, దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతాయి. నిరోధక గుణకం (కారు ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 0.33, ఎదురు వైశాల్యం 2.1 చదరపు మీటర్లు ఉన్న చిన్న కారును ఉదాహరణగా తీసుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలి కోసం సుమారు 12 హెచ్‌పీ ఖర్చవుతుంది, 150 దగ్గర అది 40 హెచ్‌పీకి చేరుతుంది. వెనుక భాగంలో మనం చేసే పని వల్ల మొత్తం నిరోధం 5 శాతం తగ్గిందనుకుందాం. 150 దగ్గర మిగిలేది 2 హెచ్‌పీ, 100 దగ్గర అర హెచ్‌పీకి కొంచెం ఎక్కువ. ఈ లెక్కను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకున్న తరువాతే ఏ దుకాణానికైనా వెళ్లడం మంచిది.

రెండవది, వెనుక ఇరుసును గాలి పైకెత్తే బలం. ముందు చక్రాలతో నడిచే కారులో వెనుక భాగం ఎలాగూ తేలికగా ఉంటుంది. వేగమైన మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బరువు ముందుకు మారి వెనుక చక్రాలు పక్కకు జారే ప్రమాదం ఉంది. నిరోధం తగ్గించే ఏ మార్పు అయినా ఈ ఎత్తుడును పెంచితే, నేరుగా పోయే చోట సంపాదించిన దానికంటే మలుపులో ధైర్యం కోల్పోయి పోగొట్టుకునేదే ఎక్కువ అవుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కొలమానం ఇదే. అమ్మకాల మాటల్లో మాత్రం దీని ప్రస్తావన చాలా అరుదు.

మూడవది, చట్టం, రోజువారీ వాడకం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. కాబట్టి ట్రాక్ దగ్గర బిగించి, తిరుగు ప్రయాణానికి ముందు విప్పి డిక్కీలో పెట్టుకోగలిగిన భాగాలకే మొగ్గు చూపాలి. టెయిల్ ల్యాంపులను, నంబర్ ప్లేటును కప్పే భాగంతో ఆంధ్ర, తమిళనాడు సరిహద్దు దాటాలనుకోవడం తెలివైన పని కాదు. సాధారణ మోటారు బీమా పాలసీలు పోటీలను, వేగ పరీక్షలను తమ పరిధిలోంచి మినహాయిస్తాయన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

బలం, వేడి నాలుగవ కొలమానం. 130 కిలోమీటర్ల వేగంలో ఊడిపోయిన పలక వెనుక వచ్చే కారు అద్దానికి తగులుతుంది.

పైకప్పు చివర పొడిగింపు

కంపెనీ ఇచ్చిన స్పాయిలర్‌కు 50 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవు కలపడం ఈ మార్గం. దీని వెనుక ఉన్న సూత్రం పాతదే. 1930లలో జర్మనీలో వునిబాల్డ్ కమ్, తోకను క్రమంగా సన్నబరచి ఒకచోట పదునుగా కోసివేస్తే, పూర్తి పొడవు తోక వల్ల కలిగే లాభంలో చాలా భాగం దక్కుతుందని చూపించారు. తరువాత 1984లో అహ్మద్, ఆయన సహచరులు సరళమైన కారు నమూనా మీద చేసిన ప్రయోగాల్లో, వెనుక వాలు సుమారు 12 డిగ్రీల దగ్గర నిరోధం అత్యల్పంగాను, 30 డిగ్రీల దగ్గర పక్క అంచుల నుంచి బలమైన సుడులు పుట్టి అత్యధికంగాను ఉన్నట్టు తేలింది. అంటే పొడిగింపు కొద్దిపాటి వాలుతో కిందికి దిగి, పదునైన అంచుతో ముగియాలి. అంచు గుండ్రంగా ఉంటే గాలి ఎక్కడ విడిపోవాలో స్థిరంగా ఉండక అటూ ఇటూ ఊగుతుంది.

అయితే ఈ వాలులోనే చిక్కు ఉంది. పైకప్పు వాలును అనుసరించి కిందికి దించితే నిరోధం తగ్గుతుంది కానీ వెనుక ఎత్తుడు పెరగవచ్చు. చివరను కొద్దిగా పైకి లేపితే ఎత్తుడు తగ్గుతుంది, దానికి మూల్యంగా నిరోధం కొంత తిరిగి వస్తుంది. ఒకే పలకతో రెండు లాభాలూ పూర్తిగా అందవు. మన పరిసర ట్రాకుల వేగాలకు, పైకప్పు గీతకు ఇంచుమించు సమానంగా, లేదా దానికంటే రెండు మూడు డిగ్రీలు మాత్రమే పైకి ఉండేలా పెట్టుకోవడం మధ్యేమార్గం.

బిగింపు విషయంలో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మే నెల తిరుపతి ఎండలో నల్లటి ఫైబర్ భాగం కాలి పొక్కేంత వేడెక్కుతుంది, అందువల్ల రెండు వైపులా అంటుకునే టేపును మాత్రమే నమ్ముకోకూడదు, వెడల్పాటి వాషర్లతో బోల్టులు తప్పనిసరి. అలాగే బరువు పెరిగితే డిక్కీని పైకి పట్టి ఉంచే గ్యాస్ రాడ్లు మొరాయిస్తాయి. అలిపిరి తనిఖీ దగ్గర డిక్కీ తెరిచినప్పుడు అది సిబ్బంది తలమీదికి వాలిపోతే వచ్చే మాటలు మనమే పడాలి.

పక్క అంచుల పట్టీలు

వెనుక స్తంభాల (వెనుక అద్దానికి రెండు పక్కలా పైకప్పును మోసే నిలువు భాగాల) మీద, టెయిల్ ల్యాంపుల పక్కన 10 నుంచి 20 మిల్లీమీటర్ల పదునైన అంచు వచ్చేలా సన్నటి పట్టీలు అతికించడం చవకైన పని. ఇటీవలి కార్ల వెనుక అద్దానికి రెండు వైపులా కనిపించే నల్లటి నిలువు పలకలు, టెయిల్ ల్యాంపుల మీద గీసినట్టుండే గట్లు చేసేది ఇదే. పాత తరం గుండ్రటి మూలల కార్లకు ప్రయోజనం ఎక్కువ, ఇప్పటికే గట్టు ఉన్నవాటికి దాదాపు శూన్యం. విడిగా దీని లాభం చిన్నదే అయినా పైకప్పు పొడిగింపుతో కలిసినప్పుడు విలువ పెరుగుతుంది.

బంపర్ కింద పలక, డిఫ్యూజర్

నా అభిప్రాయంలో ముందు చేయవలసిన పని ఇక్కడే ఉంది, కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోని పని కూడా ఇదే. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి వెనుక నుంచి చూస్తే, బంపర్ లోపలి వైపు మొత్తం డొల్లగా, స్పేర్ వీల్ గుంటకు, సైలెన్సర్‌కు వెనుక పెద్ద సంచిలా కనబడుతుంది. అడుగున వచ్చే గాలి ఆ డొల్లలోకి దూరి, గాలికి తిరగబడిన గొడుగు మాదిరి కారును పట్టి లాగుతుంది. స్పేర్ వీల్ గుంట అడుగు నుంచి బంపర్ కింది అంచు దాకా ఒక పలక వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నిరోధం తగ్గడమే కాక, అడుగు గాలి వేగంగా బయటికి పోవడం వల్ల వెనుక ఎత్తుడు కూడా సాధారణంగా తగ్గుతుంది. రెండు కొలమానాల్లోనూ ఒకే వైపు లాభమిచ్చే మార్గం ఈ జాబితాలో ఇదొక్కటే.

పలక పైకి లేచే కోణం 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు మించితే గాలి పలకను అంటుకుని ఉండలేక విడిపోతుంది, అప్పుడు పలక ఉన్నా లేనట్టే. బంపర్ కింద అందం కోసం అమ్మే నిలువు రెక్కల డిఫ్యూజర్లను 25, 30 డిగ్రీల కోణంలో తగిలిస్తే జరిగేది ఇదే. పైగా వాటి ముందు అడుగంతా ఎగుడుదిగుడుగా ఉంటే వాటికి చేరే గాలి అప్పటికే చెదిరిపోయి ఉంటుంది.

పలకకు ఏ వస్తువు వాడాలన్నది తరువాతి ప్రశ్న. ప్రయోగ దశలో ఫ్లెక్స్ బోర్డుల దుకాణాల్లో దొరికే సన్‌ప్యాక్ షీటు (లోపల డొల్లగా ఉండే ప్లాస్టిక్ షీటు) చాలు. దానిలోని గొట్టాల వంటి గీతలు కారు పొడవు వెంట ఉండేలా కోయాలి, అడ్డంగా కోస్తే మధ్యలో కుంగిపోతుంది. ముందు అంచున తెరుచుకుని ఉన్న గీతలను టేపుతో మూసివేయకపోతే నీరు, ఇసుక నిండి బరువెక్కుతుంది. కానీ అది పాలీప్రొపిలీన్ కాబట్టి సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. సైలెన్సర్, పొగ గొట్టం ఉన్న వైపు దాన్ని తీసుకురాకూడదు. దుకాణాల ముఖాలకు వాడే ఏసీపీ షీటు గట్టిగా ఉన్నా, రెండు అల్యూమినియం పొరల మధ్య ఉండేది చాలా రకాల్లో ప్లాస్టిక్కే. శాశ్వతంగా ఉంచాలనుకునేవారు 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును టింకరింగ్ షెడ్డులో వంచించుకుని, సైలెన్సర్ చుట్టూ గాలి ఆడే ఖాళీ వదిలి, బోల్టులతో బిగించుకోవడం ఉత్తమం. ఇంకొక సంగతి. ఈ కార్లలో వెనుక ఇరుసు దూలం గుంతల్లో పైకీ కిందికీ కదులుతుంది. పలక ముందు అంచు ఆ కదలికకు అడ్డురాకుండా దూలం వెనుక నుంచే మొదలుపెట్టాలి.

బంపర్‌కు రంధ్రాలు కోసి లోపల చిక్కిన గాలిని వెనక్కి వదిలే పద్ధతి కూడా ఉంది. లోపలికి వచ్చిన గాలికి దారి చూపుతుందే కానీ రాకుండా ఆపదు, పైగా కోసింది తిరిగి అతకదు. అదనపు బంపర్ కొని దానికి కోసుకునేవారికి తప్ప సూచించను.

నేలకు దగ్గరగా ఉండటం ఒక్కటే ఈ మార్గపు లోపం. ఊళ్లోని స్పీడ్ బ్రేకర్లన్నీ ఒకే ఎత్తులో ఉండవని చెప్పనవసరం లేదు. బంపర్ అసలు అంచు కంటే కిందికి దిగని పలకకు ఇబ్బంది రాదు, దిగేది ఏదైనా మొదటి వారంలోనే రాసుకుపోతుంది.

డిక్కీ చుట్టూ పెట్టె అంచు

పైన, పక్కల, కింద నాలుగు వైపులా పలకలు వెనక్కి పొడుచుకువచ్చేలా బిగించి, డిక్కీ వెనుక లోతు తక్కువ పెట్టె వంటి ఖాళీని ఏర్పరచడం ఈ పద్ధతి. విదేశీ లారీల వెనుక కనిపించే మడత పలకలది ఇదే కోవ. సుడి కారుకు కొంత దూరం జరిగి, డిక్కీ మీద పీడనం పెరుగుతుంది. నిరోధం ఒక్కటే లెక్కిస్తే వెనుక చేసే పనుల్లో అత్యధిక లాభం దీనికే దక్కవచ్చు. కానీ డిక్కీ తెరవాలంటే విప్పాలి, దీపాలు కప్పబడతాయి, పక్కనుంచి గాలి కొడితే వెనుక భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. ట్రైలర్ మీద ట్రాక్‌కు వెళ్లే కారుకే ఇది తగినది.

రెక్క, సుడి పళ్లు

రెక్క నిరోధాన్ని పెంచుతుంది, తగ్గించదు. నిరోధం తగ్గించాలని బయలుదేరి రెక్క కొనడం లెక్కకు విరుద్ధం. అయినా ఈ పోలికలో ఎందుకు చేర్చానంటే, వేగమైన మలుపుల్లో వెనుక జారుతోందన్న భయమే అసలు సమస్య అయినవారికి రెక్క ఇచ్చే పట్టు, దాని నిరోధానికి తగిన ప్రతిఫలం కావచ్చు. 90 హెచ్‌పీ కారుకు మాత్రం ఆ బేరం గిట్టుబాటు కాదు. రెక్క పనిచేసే గాలి పైకప్పు మీదుగా కిందికి వంగి వస్తుంది కాబట్టి, దాన్ని ఎత్తుగా నిలపకపోతే ఆశించిన కోణం దక్కదు. ఎత్తుగా నిలిపితే డిక్కీ తలుపు కీళ్ల మీద భారం పడుతుంది.

పైకప్పు చివర వరుసగా అతికించే చిన్న సుడి పళ్ల గురించి తరచూ వినబడుతుంది. మిత్సుబిషి ఇంజినీర్లు 2004లో లాన్సర్ ఎవల్యూషన్ మీద వీటిని పరీక్షించి, నిరోధ గుణకం, ఎత్తుడు గుణకం రెండూ 0.006 చొప్పున తగ్గాయని ప్రచురించారు. అది సెడాన్. వెనుక అద్దం మీద గాలి వాలుగా దిగే చోట విడిపోవడాన్ని ఆలస్యం చేయడం వాటి పని. పైకప్పు అంచు దగ్గరే గాలి తెగిపోయే నిటారు హ్యాచ్‌బ్యాక్‌లో ఆలస్యం చేయడానికి ఏమీ మిగలదు.

| మార్గం | నిరోధం | వెనుక ఎత్తుడు | విప్పడం | ఖర్చు |
|---|---|---|---|---|
| పైకప్పు పొడిగింపు | తగ్గుతుంది | కోణాన్ని బట్టి | కొంత శ్రమ | మధ్యస్థం |
| పక్క పట్టీలు | స్వల్పంగా తగ్గుతుంది | మార్పు లేదు | సులువు | చాలా తక్కువ |
| బంపర్ కింద పలక | తగ్గుతుంది | సాధారణంగా తగ్గుతుంది | ఉంచేయవచ్చు | తక్కువ |
| పెట్టె అంచు | ఎక్కువగా తగ్గుతుంది | ఆకారాన్ని బట్టి | తప్పనిసరి | మధ్యస్థం |
| రెక్క | పెరుగుతుంది | బాగా తగ్గుతుంది | శ్రమ | ఎక్కువ |
| సుడి పళ్లు | తేడా కనబడదు | తేడా కనబడదు | సులువు | తక్కువ |

లాభం వచ్చిందో లేదో తేల్చుకోవడం

డిసెంబరులో 22 డిగ్రీల ఉదయం నమోదు చేసిన వేగాన్ని మే నెలలో 40 డిగ్రీల ఎండలో వచ్చిన దానితో పోల్చడం వృథా. ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య గాలి సాంద్రతే సుమారు 6 శాతం తగ్గుతుంది, అంటే మనం వెతుకుతున్న లాభం కంటే వాతావరణం తెచ్చే తేడాయే పెద్దది. ఇంజిన్ బలం కూడా ఎండకు తగ్గుతుంది కాబట్టి లెక్క మరింత కలగాపులగమవుతుంది. అందువల్ల ఒకే పూట, ఒకే టైరు ఒత్తిడితో, భాగం లేకుండా ఒకసారి, బిగించి ఒకసారి, మళ్లీ విప్పి ఒకసారి నడపాలి. మొదటి, మూడవ ఫలితాలు కలవకపోతే రెండవదానికి అర్థం లేదు. ల్యాప్ (ట్రాక్ ఒక చుట్టు) సమయం కంటే, నేరు దారిలో ఒకే గేరులో 110 నుంచి 130కి చేరడానికి పట్టిన సమయాన్ని జీపీఎస్ లాగర్‌తో చూడటం నమ్మదగినది, ఎందుకంటే ల్యాప్‌లో మన చేతి తేడాలన్నీ కలిసిపోతాయి.

దీనికంటే ముందు ఊలు దారాలతో చేసే పరీక్ష ఉంది. ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కలను స్పాయిలర్ మీద, వెనుక మూలల దగ్గర టేపుతో అంటించి, పక్క కారులోంచి వీడియో తీస్తే 60, 70 వేగంలోనే చాలా తెలుస్తుంది. గాలి అంటుకుని పోయే చోట దారం కదలకుండా వెనక్కి పడుకుంటుంది. టెయిల్ ల్యాంపు మూలలో దారం మూల చుట్టూ లోపలికి వంగి అల్లాడుతుంటే అక్కడ పట్టీ అవసరమని అర్థం. డిక్కీ అద్దం మీది దారాలు పైకి లేచి తిరుగుతుంటే కంగారు పడనక్కర్లేదు, నిటారు వెనుక భాగంలో అది సహజం.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

రోజూ ఆఫీసుకు, శనివారం కుటుంబంతో కొండకు వెళ్లే స్విఫ్ట్ లేదా బాలెనోతోనే ఎప్పుడో ఒకసారి ట్రాక్‌కు వెళ్లేవారు ముందుగా పైన ఉన్న లగేజీ క్యారియర్ విప్పాలి, ఆపై బంపర్ కింద పలకతో ఆగిపోవాలి. మిగిలిన డబ్బు బ్రేక్ ఆయిల్‌కు, ప్యాడ్లకు పెడితే ల్యాప్‌లో కనిపించే తేడా ఏ స్పాయిలర్ కంటే ఎక్కువ. ఇది ఉత్సాహాన్ని నీరుగార్చే సలహాగా అనిపించవచ్చు. 2.1 కిలోమీటర్ల కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే వంటి చిన్న ట్రాక్‌కే వెళ్లేవారికి ఇది మరింత వర్తిస్తుంది.

టర్బో పోలో, ఐ20 ఎన్ లైన్ వంటి కార్లతో ఇరుంగాట్టుకోట్టైకి తరచూ వెళ్లేవారికి బంపర్ పలక, పక్క పట్టీలు, పైకప్పు పొడిగింపు ఆ వరుసలోనే సరిపోతాయి. మూడూ ఒకేసారి బిగిస్తే ఏది పనిచేసిందో తేలదు, ఒక్కొక్క ట్రాక్ డేకు ఒక్కొక్కటి చేర్చుకోవాలి. పొడిగింపు బిగించిన రోజు మొదటి సెషన్‌లో వేగమైన మలుపులను కావాలనే నెమ్మదిగా తీసుకుని, వెనుక తేలికైందా అన్నది గమనించాలి. తేలికైతే చివరను రెండు డిగ్రీలు పైకి లేపి, ఆ కొద్దిపాటి నిరోధాన్ని ఒప్పుకోవాలి.

ఇప్పటికే మలుపుల్లో వెనుక జారుతోందని ఫిర్యాదు చేసేవారు నిరోధం గురించి ఆలోచించడం మానుకుని టైర్లు, టైరు ఒత్తిడి, వెనుక షాక్ అబ్జార్బర్లు చూపించుకోవాలి. ఆ తరువాత కూడా 120 దాటిన మలుపుల్లోనే జారుతుంటే అప్పుడు రెక్కకో, పైకి లేపిన స్పాయిలర్‌కో అర్థం ఉంది.

ట్రాక్ కోసమే ఒక కారును కేటాయించి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ దాకా ట్రైలర్ మీద తీసుకెళ్లేవారి లెక్క వేరు. కిలోమీటరుకు మించిన నేరు దారి ఉన్న ఆ ట్రాక్‌లో 5 శాతం నిరోధానికి నిజమైన విలువ ఉంటుంది, కాబట్టి వారికి పెట్టె అంచు మీద పెట్టే శ్రమ వృథా కాదు. అయితే ఆ నేరు దారి చివర గట్టిగా బ్రేకు వేయాలి, వెనుక స్థిరత్వం పరీక్షకు నిలిచేది అక్కడే. పెట్టె పై పలక కోణాన్ని మార్చుకునేలా స్లాట్ రంధ్రాలతో చేయించుకుని, ప్రతి సెషన్ తరువాత దాని బోల్టులను చేత్తో తడిమి బిగువు చూసుకోవాలి.